పెరట్లో పండ్ల మొక్కలు: తొలకరి ప్రశ్నలు, జవాబులు

రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టగానే నర్సరీల ముందు ట్రాలీ ఆటోలు బారులు తీరతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పల్లెల్లో ఇంటి చుట్టూ ఉన్న కాస్త జాగాలో పండ్ల మొక్కలు పెట్టడం గురించే. ఎకరాల తోటలకు చెప్పే లెక్కలు పెరటికి అన్నీ పనికిరావు. పెరట్లో గోడ ఉంటుంది, కరెంటు తీగ ఉంటుంది, ఏడాది పొడవునా పారే స్నానాల నీళ్ళుంటాయి. అవి దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఊళ్ళో ఇంటి వెనక పది సెంట్ల ఎర్రనేల ఖాళీగా ఉంది. బోరులో నీళ్ళు ఓ మోస్తరుగా ఉంటాయి. రెండు మామిడి, రెండు జామ, సపోటా, నిమ్మ, దానిమ్మ, సీతాఫలం, పనస, నేరేడు, నాలుగు కొబ్బరి పెట్టాలని రాసుకున్నాం. ఎంతెంత దూరంలో పెట్టాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీరు రాసుకున్నవి 14 చెట్లు. పది సెంట్లంటే 4,356 చదరపు అడుగులు. చెట్టుకు సగటున 23 అడుగుల చదరం ఇస్తే ఎనిమిదికి మించి పట్టవు. మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడు జాగా ఎంతో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆరేడేళ్ళకు కొమ్మలు కలిసిపోయి, లోపలికి ఎండ రాక, కాపు చెట్ల కొసలకు పోతుంది. అప్పుడు ఏ చెట్టు కొట్టాలన్నా మనసొప్పదు. కొట్టేదేదో ఇప్పుడు కాగితం మీదే కొట్టేయండి.

ముందుగా పనస, నేరేడు తీసేయండి. రెండూ మహావృక్షాలు, ఒక్కోదానికి 30 అడుగులు పైనే కావాలి. పొలం గట్టు ఉంటే అక్కడ పెట్టుకోండి. కొబ్బరికి ఏడాది పొడవునా నీరు కావాలి. మీ ప్రాంతంలో బోరు మీద ఆధారపడి నాలుగు చెట్లు పెంచడం దండగ. అంతగా కావాలంటే ఒక్కటి, అదీ నీళ్ళు పారే చోట, కరెంటు తీగలకు, ఇంటి కప్పుకు దూరంగా.

మిగిలిన వాటికి దూరాలు: మామిడి వదిలేస్తే 30 అడుగులు తీసుకుంటుంది. ఏటా కోత అయ్యాక కత్తిరిస్తామంటే 16 అడుగుల్లో ఉంచవచ్చు. సపోటాకు 25, నిమ్మకు 18 నుంచి 20, జామకు, సీతాఫలానికి 15, దానిమ్మకు 12 అడుగులు. ఇంటి గోడ నుంచి మామిడి, సపోటా కనీసం 15 అడుగులు, సెప్టిక్ ట్యాంకు నుంచి 20 అడుగులు ఎడంగా ఉండాలి. ఎత్తుగా పెరిగే మామిడి, సపోటా పడమర, ఉత్తరం వైపు. పొట్టివైన నిమ్మ, జామ, దానిమ్మ దక్షిణం, తూర్పు వైపు. చలికాలం సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కాబట్టి ఎత్తు చెట్టు దక్షిణాన ఉంటే దాని వెనక ఉన్నవన్నీ నీడలో పడతాయి.

మామిడి ఒకటి చాలు. బంగినపల్లి రుచికి తిరుగులేదు గానీ ఒక ఏడు విరగకాసి మరో ఏడు ముఖం చాటేస్తుంది. ఏటా కాయాలంటే ఆమ్రపాలి నయం, చెట్టూ పొట్టిగా ఉంటుంది. దశేరి, నీలం కలిపి తీసిన రకం అది. ఆవకాయకు పుల్లకాయ కావాలంటే రెండో చెట్టు అక్కర్లేదు. చెట్టు నిలదొక్కుకున్నాక ఒక కొమ్మకు తెల్లగులాబి అనే మామిడి రకం అంటు కట్టించుకోవచ్చు.

మామిడి, సపోటాల మధ్య జాగా మొదటి మూడేళ్ళు ఖాళీగానే ఉంటుంది. అందులో ఆరేసి అడుగుల దూరంలో బొప్పాయి వేసుకోండి, పెద్ద చెట్ల నీడ పడేసరికి వాటి పని అయిపోతుంది. స్నానాల గది నీళ్ళు బయటికి వచ్చే చోట అరటి. పిలక తెచ్చేటప్పుడు కత్తుల్లా సన్నటి ఆకులు, లావుపాటి దుంప ఉన్న సూది పిలకే తీసుకోండి. వెడల్పాకుల పిలక చూడ్డానికి బాగుంటుంది గానీ దాని దుంపలో సత్తువ ఉండదు.

ప్రశ్న: నిరుడు జూలైలో మూడడుగుల గోతులు తీసి, పేడ వేసి నాలుగు మామిడి, రెండు సపోటా అంట్లు నాటాం. దసరా నాటికి నాలుగు చచ్చిపోయాయి. మాది నల్లరేగడి. ఈసారి ఏం చేయాలి?
– సత్తెనపల్లి నుంచి ఒక రైతు

జవాబు: చచ్చిపోయిన మొక్కలు ఇంకా అక్కడే ఉంటే ఒకదాన్ని జాగ్రత్తగా తవ్వి తీసి చూడండి. మొదలు దగ్గర బెరడు నల్లబడి, వేలితో నులిమితే ఊడి వస్తుంటే నీరు నిలిచి చచ్చింది. సన్న వేర్లన్నీ కొరికేసినట్టు ఉండి, మట్టిలో ‘సి’ అక్షరంలా ముడుచుకున్న తెల్లటి లావు పురుగులు కనబడితే వేరుపురుగు పని. వేర్లు ఇప్పటికీ కవరు ఆకారంలోనే చుట్టుకుని ఉంటే ఆ మొక్క అసలు భూమిలోకి దిగనే లేదు. ఒక్కోసారి మూడూ కలిసి ఉంటాయి.

మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే ఎక్కువ అనుమానం. నల్లరేగడిలో మూడడుగుల గొయ్యి తవ్వి వదులు మట్టి నింపితే, చుట్టూ ఉన్న నేలలోకి ఇంకని వాననీళ్ళన్నీ ఆ గోతిలోకే చేరతాయి. గొయ్యి నీళ్ళతొట్టె అవుతుంది. వేర్లకు గాలి ఆడదు. పైకి చూస్తే మొక్క వాడిపోయి ఉంటుంది, నీళ్ళు చాల్లేదనుకుని మనం ఇంకో బిందె పోస్తాం.

ఒక పరీక్ష చేయండి. రెండడుగుల లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. మర్నాటికీ అడుగున నీళ్ళుంటే అక్కడ గొయ్యి వద్దు, దిబ్బ కట్టాలి. అయిదారు అడుగుల వెడల్పు, అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తు. అక్కడి పైమట్టికి చెరువు మట్టి కలపకండి, అదీ బంకే. ఎర్రమట్టి గానీ ఇసుక కలిసిన మట్టి గానీ దొరికితే మూడో వంతు కలపండి. దిబ్బ మీద అడుగున్నర గుంత చాలు. రెండు దిబ్బల మధ్య నీరు బయటికి పోయేలా కాలువ తీయండి. నేలలో సున్నపు గడ్డలు తెల్లగా కనబడే చోట మామిడి పెట్టకండి, ఆకులు పాలిపోయి ఎదుగుదల నిలిచిపోతుంది. సపోటా, దానిమ్మ, రేగు కొంత తట్టుకుంటాయి.

ఎర్రనేలల వాళ్ళకు మాత్రం మూడడుగుల గొయ్యి మంచిదే. ఎండల్లోనే తవ్వి, పై అడుగు మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క వేసి, రెండు వారాలు ఎండనివ్వాలి. పైమట్టిలో 20–25 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, కిలో వేపపిండి కలిపి నింపాలి. ‘చివికిన’ అన్నది పైపైన చదివి వదిలేయకండి. పచ్చిపేడ వేడి చేస్తుంది. వేరుపురుగు తల్లి గుడ్లు పెట్టేదీ, చెదలు పట్టేదీ అందులోనే. ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి.

గొయ్యి నేలమట్టానికి ఆరంగుళాలు పైకి నింపండి. రెండు మంచి వానలకు అది దిగుతుంది. దిగాకే నాటాలి. నింపిన రోజే నాటితే మట్టితోపాటు మొక్కా కుంగి, అంటు కట్టిన చోటు భూమిలోకి పోతుంది.

నాటేది సాయంత్రం పూట. కవరులోని మట్టిగడ్డ పట్టేంత గుంత తీసి, కవరు అడుగు భాగం బ్లేడుతో కోసి, గుంతలో కూర్చోబెట్టాక పక్కల చీల్చి పైకి లాగేయండి. కవరు పట్టుకుని మొక్కను ఊడబెరికితే గడ్డ పగిలి సన్న వేర్లు తెగుతాయి. అంటు కట్టిన చోటు నేలకు ఆరంగుళాల పైన ఉండాలి. చుట్టూ మట్టి చేతులతో అదమండి, కాళ్ళతో తొక్కకండి. గాలి వీచే వైపు ఊతకర్ర పాతి, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. అంటు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే విప్పేయండి. ఇది చాలామంది మరిచిపోతారు. ఏడాది తిరిగేసరికి అది బెరడులోకి కోసుకుపోయి, ఓ గాలివానకు మొక్క సరిగ్గా అక్కడే పుటుక్కున విరుగుతుంది.

ప్రశ్న: నర్సరీలో ఆరడుగుల మొక్కలు, పిందెలతో ఉన్నవి కూడా అమ్ముతున్నారు. ధర ఎక్కువైనా అవి తీసుకుంటే త్వరగా కాస్తాయా?
– బాపట్ల పాఠకుడు

జవాబు: కాయవు. చిన్న కవరులో ఆరడుగులు పెరిగిన మొక్క వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి, లేదా కవరు చీల్చుకుని నర్సరీ నేలలోకి దిగి ఉంటాయి. ఎత్తేటప్పుడు ఆ వేర్లు తెగుతాయి. ఏడాది వయసు, అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల ఎత్తు, చేతి చిటికెన వేలంత లావు కాండం ఉన్న అంటు నాటండి. మూడేళ్ళలో అది పెద్ద మొక్కను దాటిపోతుంది. అంటు అతుకు నున్నగా కలిసిపోయిందా, పైభాగం కిందిభాగం కంటే మరీ లావుగా ఉబ్బిందా చూడండి. పిందె ఉంటే తుంచేయించండి. మామిడి అంటుకు మొదటి మూడేళ్ళు పూత తీసేయాల్సిందే.

కడియం లాంటి దూరపు నర్సరీల నుంచి తెచ్చుకుంటే లారీ మీద టార్పాలిన్ కప్పించండి. మొక్క మాడేది ఎండకంటే దారిలో కొట్టే గాలికే ఎక్కువ. వచ్చాక వారం పది రోజులు చెట్టు నీడన ఉంచి, రోజూ నీళ్ళు చల్లి, తర్వాత నాటండి. రకం పేరున్న రసీదు అడిగి తీసుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం పెట్టిన చెరుకురసం మామిడి అంటు ఏపుగా పెరిగింది. కానీ ఆకులు సగం ఒక రకంగా, సగం ఇంకో రకంగా ఉన్నాయి.
– మధిర పాఠకురాలు

జవాబు: అంటు కింద నుంచి నాటు మామిడి చిగురు లేచింది. నాటు టెంక మొక్క మీదే కదా రసం పుల్ల కట్టేది. కిందిదానికి బలం ఎక్కువ, వదిలేస్తే పైదాన్ని ఎండగడుతుంది. మొదలు దగ్గర మట్టి తీసి అతుకు ఎక్కడుందో చూడండి. దాని కిందినుంచి వచ్చిన కొమ్మలన్నీ కాండానికి ఆనించి కోసేయండి, మోడు మిగల్చకండి. గాయానికి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత; తయారీ కింద నిమ్మ జవాబులో ఉంది) పూయండి. ఇకపై లేత చిగురుగా ఉన్నప్పుడే బొటనవేలితో గిల్లేస్తే సరిపోతుంది.

పైభాగం ఇప్పటికే ఎండిపోయి నాటుది మాత్రమే మిగిలి ఉంటే చెట్టు పీకనక్కర్లేదు. బలమైన నాటు కొమ్మలు రెండు మూడు ఉంచి, వాటికి జూన్ నుంచి ఆగస్టు మధ్య అంటు కట్టించండి. ఎంచుకున్న తల్లిచెట్టు కొసకొమ్మ మూడు నాలుగు నెలల వయసుది, పెన్సిలంత లావుండాలి. కోయడానికి వారం పది రోజుల ముందే దాని ఆకులు, కాడ ముక్క మాత్రం ఉంచి, కత్తిరించేస్తే కొసమొగ్గ ఉబ్బుతుంది. ఆ పుల్ల కింది కొసను రెండు వైపులా రెండంగుళాల మేర మేకులా చెక్కి, నాటు కొమ్మను అంతే లోతు చీల్చి దింపాలి. రెండింటి బెరడు కనీసం ఒక వైపైనా ఒకదానికొకటి ఆనాలి. ప్లాస్టిక్ పట్టీ బిగించి, పైన సన్న పాలిథిన్ సంచి తొడిగి కింద కట్టాలి. మూడు వారాల్లో మొగ్గ విచ్చుకుంటే సంచి తీసేయండి. పుల్ల నల్లబడితే మళ్ళీ కట్టాల్సిందే.

ప్రశ్న: పన్నెండేళ్ళ బంగినపల్లి చెట్టు. ఆకు బాగా ఉంది, పూత పలచగా వస్తుంది, వచ్చిందీ నల్లబడి రాలిపోతుంది. ఎరువులు కూడా వేస్తున్నాం.
– జగిత్యాల పాఠకుడు

జవాబు: చెట్టు ఎక్కడుందో రాయలేదు. పెరటి మామిడి అనగానే మాకు ముందు అనుమానం వచ్చేది వాడుక నీళ్ళ మీద. మామిడి పూతకు రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెట్టు బెట్టకు, అంటే నీటి ఎద్దడికి, రావాలి. ఆ మూడు నెలలూ స్నానాల నీళ్ళో, గిన్నెలు కడిగిన నీళ్ళో పాదులోకి పారుతుంటే పూత రావాల్సిన కొమ్మ చిగురు వేస్తుంది. ఆ నీటిని అప్పటికి అరటి వైపు మళ్ళించండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ తడులు మొదలుపెట్టి, పది పదిహేను రోజులకోసారి ఇవ్వండి.

నల్లబడి రాలడానికి కారణం వేరు. పూతగుత్తుల్ని కదిలిస్తే చిటపటమని చిన్న పురుగులు ఎగిరి ముఖానికి తగులుతుంటే అది తేనెమంచు పురుగు. అది విసర్జించే తీపి జిగురు ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. పూతమొగ్గ కనబడిన దశలో, పువ్వు విచ్చుకోక ముందే, లీటరు నీటికి ఇమిడాక్లోప్రిడ్ 0.3 మి.లీ., నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు కలిపి ఒకసారి పిచికారీ చేయాలి. గంధకం బూడిద తెగులుకు. పువ్వు విచ్చుకున్నాక మందు కొడితే తేనెటీగలు, ఈగలు చచ్చి పిందే నిలవదు. కొమ్మల మధ్య గుబురుగా, చీకటిగా ఉన్న చెట్టులోనే ఈ పురుగు కాపురం పెడుతుంది. అందుకే కాయ కోశాక జూన్, జూలైలో లోపలి ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీయించండి.

ఎరువు ఎంత వేస్తున్నారో కూడా చూసుకోండి. మామిడికి ఏడాది మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 100 గ్రాముల చొప్పున మొదలుపెట్టి ఏటా 100 గ్రాములు పెంచుతూ, పదో ఏటికి ఒక్కోటి కిలో చేసి అక్కడ ఆపాలి. మీ చెట్టుకు అంటే యూరియా సుమారు 2.2 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 6.25 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు, వీటికి తోడు 50 కిలోల పశువుల ఎరువు. సగం తొలకరిలో, సగం సెప్టెంబరులోపు. మొదలు చుట్టూ పోయకండి, అక్కడ పీల్చే వేర్లు ఉండవు. మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ అంచు పడే చోట చుట్టూ అడుగు వెడల్పు కందకం తీసి వేసి కప్పండి. ఒట్టి యూరియా వేసుకుంటూ పోతే ఆకే తప్ప పూత రాదు.

ప్రశ్న: నిమ్మచెట్టుకు ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపు తిరుగుతోంది. కాయల మీద గజ్జి మచ్చలు. మొదలు దగ్గర బంక కారుతోంది. మూడూ ఒకే జబ్బా?
– వెంకటగిరి పాఠకుడు

జవాబు: మూడూ వేరు. ముందు బంక సంగతి చూడండి, ఎందుకంటే చెట్టును చంపేది అదే. మొదలుకు నీరు ఆనడం వల్ల వచ్చే తెగులది. బంక కారే చోట కుళ్ళిన బెరడును పదునైన కత్తితో, మంచి బెరడు కనబడేదాకా గీకి, బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి కలియబెడుతూ పోయాలి. ప్లాస్టిక్ బకెట్టు, మట్టికుండే వాడండి. ఇనుప పాత్ర వద్దు. కలిపినదాంట్లో తళతళలాడే ఇనుప చాకు ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాల్లేదని అర్థం, ఇంకొంచెం కలపండి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

తర్వాత పాదు మార్చండి. మొదలుకు అడుగున్నర దూరంలో ఒక చిన్న గట్టు, కొమ్మల అంచున ఇంకో గట్టు. నీళ్ళు ఆ రెండు గట్ల మధ్యే నిలవాలి.

గజ్జి తెగులు గాయాల్లోంచి లోపలికి పోతుంది. ఆ గాయాలు చేసేది లేత ఆకుల్లో వెండి గీతల్లా సొరంగాలు తవ్వే పురుగు. చిగురు వేసినప్పుడు వేపనూనె లీటరుకు 5 మి.లీ., కాస్త సబ్బునీరు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే సగం గజ్జి అక్కడే ఆగుతుంది. మచ్చలు పడిన కొమ్మలు వానలకు ముందే కత్తిరించి కాల్చేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పిచికారీ చేయండి.

పసుపు తిరగడం సూక్ష్మధాతువుల లోపం. లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ రెండేసి గ్రాములు, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలిపి, కొత్త చిగురు వచ్చిన ప్రతిసారీ కొట్టండి. ముదురు ఆకు మీద కొడితే లాభం లేదు. కొత్త మొక్క పెట్టేవాళ్ళు బాలాజీ రకం అడగండి, గజ్జిని కొంత తట్టుకుంటుంది.

ప్రశ్న: బాలానగర్ సీతాఫలం అయిదేళ్ళ చెట్టు. ఏప్రిల్ నుంచి విరగబూస్తుంది, కాయలు పదైనా నిలవవు.
– షాద్‌నగర్ పాఠకురాలు

జవాబు: ఏప్రిల్, మే పూత రాలడం సహజం. ఆ వేడికి, పొడిగాలికి పువ్వులోని జిగురు ఆరిపోయి పుప్పొడి అంటుకోదు. వానలు పడ్డాక వచ్చే పూతే నిలుస్తుంది. అప్పుడూ నిలవకపోతే చేత్తో పుప్పొడి అద్దండి. పెరట్లో ఒకటి రెండు చెట్లకు అది గంట పని.

సీతాఫలం పువ్వు తలకిందులుగా వేలాడుతుంది, మూడు దళసరి రేకులు. రేకులు కొద్దిగా ఎడమైనప్పుడు అది ఆడపువ్వుగా పనిచేస్తుంది, లోపలి చిన్న గుబ్బ తడిగా మెరుస్తుంది. తర్వాత రేకులు బాగా విచ్చుకున్నాక గుబ్బ ఆరిపోయి, దాని చుట్టూ పుప్పొడి రాలుతుంది. అంటే పుప్పొడి సిద్ధమయ్యేసరికి అదే పువ్వులో ఆడతనం అయిపోతుంది. ఈ రెంటినీ కలిపే చిన్న పురుగులు మన పెరళ్ళలో తక్కువ. తెల్లవారగానే బాగా విచ్చిన పువ్వులు కోసి ఒక కాగితం మీద దులిపితే గోధుమ రంగు పొడి పడుతుంది. నీటిరంగులకు వాడే సన్న కుంచెను అందులో ముంచి, సగం తెరుచుకున్న పువ్వు రేకులు వేలితో ఎడం చేసి, గుబ్బ చుట్టూ తిప్పండి. ఎనిమిదిలోపు ముగించాలి. గుబ్బ అన్ని వైపులా పొడి అంటకపోతే కాయ వంకరగా ఊరుతుంది. కొసకొమ్మల మీద కాకుండా లావు కొమ్మల మీది పువ్వులనే ఎంచుకోండి. కాయ బరువుకు అవి ఆగుతాయి.

ప్రశ్న: ఒంటరి ఉసిరి చెట్టు, ఎనిమిదేళ్ళది. పూత ఉంది, కాయ లేదు.
– కదిరి పాఠకుడు

జవాబు: దానికి తోడు లేదు. రాచ ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కాయదు. పక్కన వేరే రకం ఉండాలి. ఎన్.ఎ.-7, కృష్ణ, కాంచన్‌లలో మీ చెట్టు కానిది ఒకటి తెచ్చి 20 అడుగుల్లో పెట్టండి. జాగా లేకపోతే ఉన్న చెట్టు మీదే ఒక కొమ్మకు ఇంకో రకం అంటు కట్టించండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఊళ్ళో ఇంటి దగ్గర బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ పెట్టమంటున్నాడు. మాది ఎర్ర చెల్క. వీలవుతుందా?
– వికారాబాద్ ప్రాంతం పాఠకుడు

జవాబు: బ్లూబెర్రీ వద్దని చెప్పండి. దానికి ఉదజని సూచిక (pH) 4.5–5.5 ఉన్న పుల్లటి నేల, బాగా చలి కావాలి. మన నేలలు, బోరు నీళ్ళు దానికి పూర్తిగా విరుద్ధం. కుండీల్లో పీట్ (చిత్తడి నేలల్లో నాచు చివికి ఏర్పడే పుల్లటి మట్టి) పోసి పెంచినా బోరు నీళ్ళలోని సున్నం దాన్ని తినేస్తుంది.

స్ట్రాబెర్రీ లంబసింగి చలిలో బాగా పండుతోంది. మైదానాల్లో దాన్ని శీతాకాలపు పంటగా మాత్రమే చూడాలి. అక్టోబరులో తీగమొక్కలు తెచ్చి, ఎత్తు మడి మీద అడుగు దూరంలో నాటితే ఫిబ్రవరి, మార్చి దాకా కాయలు. ఎండలు ముదరగానే మొక్క పోతుంది. నాటేటప్పుడు ఆకులు పుట్టే మధ్య ముడి సరిగ్గా నేలమట్టానికి ఉండాలి; మట్టిలో పూడితే కుళ్ళుతుంది, పైకి తేలితే ఎండుతుంది. కాయ మట్టికి తగలకుండా వరిగడ్డి పరచండి.

చెల్కలో పెట్టదగిన చిన్న పండ్లు మనకే ఉన్నాయి. వాక్కాయ అన్నిటికంటే మేలు: ముళ్ళు, కరువును తట్టుకునే గుణం, పప్పులోకీ పులిహోరలోకీ కాయ. కంచె వెంబడి మూడడుగులకొకటి పెడితే మూడు నాలుగేళ్ళలో మేక దూరని కంచె అవుతుంది. విత్తనం నిలవ ఉంటే మొలవదు, పండు తీసిన వారంలోపే నాటుకోవాలి. మల్బరీకి నర్సరీ కూడా అక్కర్లేదు. పెన్సిలంత లావు, జానెడు పొడవు, మూడు నాలుగు కళ్ళున్న ముక్కను వానాకాలంలో గుచ్చితే నాటుకుంటుంది. కొత్త చిగురుతోనే కాయలు వస్తాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తే రెండు కాపులు. పిట్టలకు ముందు మీరు తినాలంటే వల కప్పాలి. రేగు పెడితే ఏటా ఏప్రిల్, మే నెలల్లో, ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు, కొమ్మల్ని మొండిగా కొట్టేయాలి. జాలిపడి వదిలేస్తే కాయ గోలీ అంతే వస్తుంది.

ప్రశ్న: కోతుల బాధకు జామ, మామిడి దక్కడం లేదు. మందేమైనా ఉందా?
– హుస్నాబాద్ పాఠకురాలు

జవాబు: నమ్మకంగా పనిచేసే మందు లేదు. బొమ్మ పులులు, చప్పుళ్ళు నాలుగు రోజులు పనిచేస్తాయి, అయిదో రోజు వాటి మీదే ఎక్కి కూర్చుంటాయి. జామను ఏటా కత్తిరించి ఆరేడు అడుగుల్లో ఉంచితే చెట్టంతా నైలాన్ వల కప్పి, కింద రాళ్ళు పెట్టవచ్చు. జామ కొత్త చిగురు మీదే కాస్తుంది, కత్తిరింపు దానికి మంచిదే. మామిడిని చెట్టు మీద పండనివ్వకండి. కాయ భుజాలు తొడిమకంటే పైకి లేచి, బకెట్టు నీళ్ళలో వేస్తే మునిగితే పక్వానికి వచ్చినట్టే. తొడిమ అంగుళం ఉంచి కోసి, సొన కారనిచ్చి, వరిగడ్డిలో మాగవేయండి. కార్బైడు జోలికి పోవద్దు. మీ ఊళ్ళో కోతులు మరీ ఎక్కువైతే కొత్తగా పెట్టేవి నిమ్మ, వాక్కాయ పెట్టుకోండి, వాటిని పెద్దగా ముట్టవు.

ప్రశ్న: వేసవిలో ట్యాంకర్ నీళ్ళే దిక్కు. ఈ తొలకరికి పెట్టే ఎనిమిది మొక్కల్ని వచ్చే ఏప్రిల్, మే దాటించడం ఎలా?
– మార్కాపురం పాఠకుడు

జవాబు: మొక్కకు రెండు కుండల చొప్పున పెట్టండి. పది లీటర్లు పట్టే, మెరుగు పూయని మట్టికుండ అడుగున సన్న రంధ్రం చేసి నూలు వత్తి దూర్చి, మొక్కకు అడుగున్నర దూరంలో అటూ ఇటూ మెడదాకా పాతి, మూత పెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. పాత కుండ ఏడాది తిరిగేసరికి ఉప్పు పట్టి ఊరడం మానేస్తుంది, అప్పుడు మార్చాలి. పాదులో నాలుగంగుళాల మందాన వేరుశనగ పొట్టో, ఎండాకో పరచండి. మొదలుకు మాత్రం బెత్తెడు దూరం వదలండి, తగిలిస్తే చెదలు ఎక్కుతాయి. మొదటి వేసవికి పడమర వైపు తాటాకు దడి కట్టండి. పొద్దుగూకే ముందు పక్కనుంచి కొట్టే ఎండకే లేత బెరడు పగులుతుంది. నీళ్ళు ఎనిమిదికీ చాలవనుకుంటే ఈ ఏడు సీతాఫలం, రేగు, వాక్కాయ మాత్రం నాటి, సపోటా, నిమ్మ వచ్చే ఏటికి ఉంచండి.